మాస్కు అడిగిన డాక్టరు

గాలిలో తేలివచ్చే రోగంతో మా మదనపల్లెకు వందేళ్లు దాటిన పరిచయం. ఊరి పక్కనే ఆరోగ్యవరం. 1915 నుంచి అక్కడ క్షయ రోగుల శానిటోరియం నడిచింది. డెన్మార్క్ నుంచి వచ్చిన మిషనరీ డాక్టరు ఫ్రిమాట్ మోలర్ దాన్ని నిలబెట్టాడు. దక్షిణ దేశం నలుమూలల నుంచీ దగ్గుకుంటూ, రొమ్ము పట్టుకుని జనం వచ్చేవాళ్లు. స్ట్రెప్టోమైసిన్ ఇంకా పుట్టని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, పడక, ఇవే వైద్యం. తర్వాత 1950ల్లో బీసీజీ టీకా మనిషిని ఎంతవరకు కాపాడుతుందో తేల్చడానికి ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. దగ్గే మనిషి ఎదురుగా నిలబడేవాడికే మొదటి ముప్పు అన్న ముక్క ఆరోగ్యవరంలో కొత్తగా చేరిన ఆయాకు కూడా తెలిసి ఉండాలి.

ఆ ముక్కనే 2020 ఏప్రిల్‌లో, మాకు రాష్ట్రం ఆ చివరన, విశాఖ జిల్లా నర్సీపట్నంలో ఒక ప్రభుత్వ డాక్టరు పైకి అన్నాడు. ఏడాది తిరిగి ఇంకో నెల గడిచేసరికి ఆయన ఉద్యోగం లేదు, పరువు లేదు, మనిషీ లేడు. ఆయన పేరు డాక్టర్ సుధాకర్. నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టరు. దళితుడు.

మత్తు డాక్టరు పని ఏమిటో ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవాళ్లలో చాలామందికి గుర్తుండదు. గుర్తుండకుండా చేయడమే ఆయన పని. రోగి తల వెనక నిలబడతాడు. నోరు తెరిపించి, నాలుకను పక్కకు నెట్టి, లోపలికి తొంగిచూస్తూ శ్వాసనాళంలోకి గొట్టం దించుతాడు. ఆ క్షణాన రోగి నోటికీ డాక్టరు ముఖానికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. రోగి ఒక్కసారి దగ్గితే ఆ తుంపర నేరుగా కళ్లలోకి, ముక్కులోకి. కొవిడ్ వచ్చినప్పుడు ఆస్పత్రి మొత్తంలో అందరికంటే ప్రమాదమైన చోటు అదే. సాధారణ సర్జికల్ మాస్కు మన నోటి తుంపర ఎదుటివాడి మీద పడకుండా ఆపుతుందే తప్ప, గాలిలో తేలే సన్నటి కణాలను లోపలికి రానివ్వకుండా ఆపలేదు. అందుకు ఎన్95 కావాలి. అది కూడా ముఖానికి బిగుతుగా అతుక్కుని ఉండాలి, తడిస్తే మార్చాలి.

సుధాకర్ విలేకరుల ముందు చెప్పింది ఇదే. ఎన్95లు లేవు, ఒంటికి తొడుక్కునే కిట్లు లేవు, ఉన్న ఒక్క మాస్కునూ 15 రోజులు వాడుకోమంటున్నారు, మా ప్రాణాలు పణంగా పెట్టి వైద్యం ఎలా చేసేది అని. గొంతు పెంచి అన్నాడు. ఆవేశపరుడే, ఆ సంగతి వీడియో చూసిన ఎవరికైనా తెలుస్తుంది. కానీ అన్న మాటలో తప్పు ఎక్కడుందో ఇవాళ్టికీ నాకు దొరకలేదు. అప్పటికి దేశమంతటా అదే కరవు. మన దేశంలో పీపీఈ కిట్లు తయారయ్యేవే కావని, ఎన్95లు అరకొరగా వచ్చేవని ఆ తర్వాతి నెల, మే 12న, ప్రధానమంత్రే జాతినుద్దేశించి చెప్పారు. ఇప్పుడు రోజుకు 2 లక్షల కిట్లు, 2 లక్షల ఎన్95లు తయారుచేస్తున్నామని కూడా చెప్పారు. అంటే లేవన్న డాక్టరు నిజమే చెప్పాడు. ముందు చెప్పడం ఒక్కటే ఆయన చేసిన నేరం.

ఏప్రిల్ 8న సస్పెండ్ చేశారు. తెలుగుదేశం నాయకుడు అయ్యన్నపాత్రుడి ఇంటికి వెళ్లి, ఆయన ఎగదోస్తే వచ్చి మాట్లాడాడని అధికార పక్షం అంది. మాస్కు ఉందా, లేదా అన్న ప్రశ్న అక్కడితో గల్లంతయింది. డాక్టరు ఎవరి మనిషి అన్నదే మిగిలింది. మన రాజకీయాల్లో ఇది పాత విద్య. జవాబు లేని ప్రశ్న ఎదురైతే అడిగినవాడి ఇంటిపేరూ, కులమూ, పార్టీ తీస్తారు.

కొన్నాళ్లకు సుధాకర్ మరో వీడియోలో కనిపించాడు. ఈసారి గొంతు దిగింది. క్షమించమని, ఉద్యోగం తిరిగి ఇమ్మని ముఖ్యమంత్రిని వేడుకున్నాడు. రెండు వీడియోలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మనిషి ఎంత తొందరగా కుంగిపోతాడో కనిపిస్తుంది. ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా సర్కారీ ఆస్పత్రుల్లో పనిచేసినవాడు మాస్కు అడిగినందుకు చేతులు జోడించాడు. ఎవరూ పలకలేదు.

ఆ ఏప్రిల్‌లో మా జిల్లా ఎలా ఉందో కూడా చెప్పుకోవాలి. అప్పటికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ చిత్తూరు జిల్లాలోవే. పడమటి మండలాలంటారు మమ్మల్ని. మదనపల్లె యార్డులో టమాటా దిగుతూనే ఉంది. హమాలీలు తువాలు మూతికి చుట్టుకుని బాక్సులు ఎత్తేవాళ్లు, ఊపిరాడక మళ్లీ మెడలోకి లాగేసుకునేవాళ్లు. కూరగాయల లారీలు చెన్నై కోయంబేడుకు పోయి వచ్చేవి. మే నెలలో ఆ మార్కెట్ నుంచే రోగం మా జిల్లాలోకి, నెల్లూరు జిల్లాలోకి దిగింది. బెంగళూరు పనుల మీద బతికే కుప్పం జనానికి రైలు ఆగిపోతే పొయ్యి ఆగిపోయినట్టే. పుంగనూరు వీధుల్లో పారిశుద్ధ్య కార్మికులు వీపున ట్యాంకు మోస్తూ మందు పిచికారీ చేసేవాళ్లు. ఒకామె చీరకొంగును ముక్కు మీదుగా చుట్టి, మెడ వెనక పిన్నీసు పెట్టుకుంది. అదే ఆమె మాస్కు. ఈ పనుల్లో ఎవరు ఉంటారో, వాళ్లు ఊళ్లో ఏ వాడ నుంచి వస్తారో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ ఉంటే చాలన్నట్టు మార్చి 15న ముఖ్యమంత్రి అన్న మాట అప్పటికే నవ్వులపాలయింది. ఆ బ్లీచింగ్ చల్లే చేతులకు తొడుగులున్నాయా అని మాత్రం నవ్వినవాళ్లలోనూ ఎక్కువమంది అడగలేదు.

ఇక ప్రజాప్రతినిధులు. నియోజకవర్గానికి జాగ్రత్తలు చెప్పవలసినవాళ్లు. శ్రీకాళహస్తిలో ఎమ్మెల్యే ట్రాక్టర్లు బారులు తీర్చి ఊరేగింపుగా సరుకులు పంచారు. ఆ తర్వాత ఆ పట్టణంలో కేసులు పెరిగాయి. దానికీ దీనికీ సంబంధం లేదని ఆయన అన్నారు. నగరి ఎమ్మెల్యే బోరు ప్రారంభించడానికి వెళితే జనం రెండు వైపులా నిలబడి ఆమె నడిచే దారిలో పూలు చల్లారు. లాక్‌డౌన్ నిబంధనలు మీరారని దాఖలైన పిటిషన్ మీద మే నెలలో హైకోర్టు ఐదుగురు ఎమ్మెల్యేలకు నోటీసులిచ్చింది. అందరూ అధికార పక్షం వాళ్లే. వాళ్లలో ముగ్గురు మా జిల్లావాళ్లు, మూడో ఆయన పుంగనూరుకూ కుప్పానికీ నడుమనున్న పలమనేరు ఎమ్మెల్యే. ఎవరి పదవికీ ఏమీ కాలేదు. ప్రతిపక్షమూ తక్కువ తినలేదు. కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబు నాయుడు లాక్‌డౌన్‌లో రెండు నెలలు హైదరాబాదు ఇంట్లోనే ఉండి జూమ్‌లో మాట్లాడారు. మే 25న రాష్ట్రానికి వస్తే దారిపొడవునా జనం గుమిగూడారు.

నేను ఇవన్నీ ఎందుకు ఏకరువు పెడుతున్నానంటే, గుంపులు కట్టినవాడికి నోటీసు, మాస్కు అడిగినవాడికి సస్పెన్షన్ అన్న తేడా కళ్లకు కట్టాలని. ఆ తేడా అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

2020 మే 16. విశాఖపట్నం ఇంకా విషవాయువు నుంచి తేరుకోలేదు. తొమ్మిది రోజుల ముందే ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది పోయారు. ఆ మధ్యాహ్నం అక్కయ్యపాలెం దగ్గర జాతీయ రహదారి మీద సుధాకర్ పోలీసులకు చిక్కాడు. తాగి గొడవ చేస్తున్నాడని, ముఖ్యమంత్రిని బూతులు తిట్టాడని పోలీసులు చెప్పారు. తిట్టాడు, కాదనడానికి లేదు. వీడియోల్లో ఉంది.

వీడియోల్లో మిగతాదీ ఉంది. ఒంటి మీద చొక్కా లేదు. ఎండకు కాగిన రోడ్డు మీద బోర్లా పడి ఉన్నాడు. రెండు చేతులూ వెనక్కి విరిచి తాడుతో కట్టారు. ఒక కానిస్టేబులు లాఠీ ఎత్తాడు. చుట్టూ జనం ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరి మూతికి మాస్కుందో ఎవరికి లేదో చూసే స్థితిలో ఎవరూ లేరు. ఆయన్ను లేపి ఆటోలోకి తోశారు. నాలుగో పట్టణ పోలీస్ స్టేషన్, అక్కణ్నుంచి కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్), అక్కణ్నుంచి ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఎందరికో మత్తిచ్చి మళ్లీ మెలకువలోకి తెచ్చిన మనిషిని ఒక్క పూటలో పిచ్చాసుపత్రి మంచం మీదికి చేర్చారు. ఆ మే నెల 3వ తేదీనే దేశమంతటా ఆస్పత్రుల మీద హెలికాప్టర్లు పూలు చల్లాయి. ఏప్రిల్ 22నే వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే ఏడేళ్ల దాకా జైలని కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. తెచ్చి నెల కూడా తిరగలేదు.

తాగి ఉండవచ్చు. మతి చలించి ఉండవచ్చు కూడా. నెల రోజులుగా కొలువు లేక, మాట వినేవాడు లేక తిరుగుతున్న మనిషికి అలా అయితే ఆశ్చర్యపోను. తాగినవాణ్ని పట్టుకోవడానికి పోలీసులకు ఒక పద్ధతి ఉంది, మతి చెడినవాణ్ని పట్టుకోవడానికి మరో పద్ధతి ఉంది. రెంటిలోనూ తాడు లేదు. సుధాకర్ ఇంకో కులంలో పుట్టి ఉంటే ఆ తాడు వచ్చేదా అని ఆ రోజుల్లో మా మదనపల్లె టీ కొట్టు దగ్గర కూడా అడిగారు. రుజువు చేయగల ప్రశ్న కాదది. అయితే అడిగిన నలుగురిలో ముగ్గురు దళితులే, మిగిలిన ఒకడు నవ్వి ఊరుకున్నాడు.

లాఠీ ఎత్తిన కానిస్టేబులును సస్పెండ్ చేశారు. తెలుగుదేశం నాయకురాలు, పాయకరావుపేట మాజీ ఎమ్మెల్యే వంగలపూడి అనిత ఆ వీడియో జతచేసి హైకోర్టుకు ఉత్తరం రాశారు. ఆమె కూడా దళితురాలే. కోర్టు ఆ ఉత్తరాన్నే ప్రజాహిత వ్యాజ్యంగా తీసుకుని, మేజిస్ట్రేటును ఆస్పత్రికి పంపి వాంగ్మూలం రాయించింది. డాక్టరు ఒంటి మీద ఆరు దెబ్బలున్నాయని ఆ నివేదికలో ఉంది. ప్రభుత్వం ఇచ్చిన నివేదికలో ఉన్నది ఒక్క దెబ్బ. రెండూ ఒకే మనిషి ఒంటి గురించి రాసినవే. ఇదేమిటని కోర్టు మే 22న దర్యాప్తును సీబీఐ చేతికిచ్చింది. సీబీఐ పోలీసుల తీరు మీద ఒక కేసు, డాక్టరు మీద ఒక కేసు పెట్టింది.

మానసిక వైద్యశాల నుంచి సుధాకర్ ఒక ఉత్తరం రాశాడు. తనకు అవసరం లేని మందులు ఇస్తున్నారని, అవి వికటిస్తున్నాయని. ఏ మందు ఏం చేస్తుందో, ఎంత మోతాదుకు మనిషి ఎక్కడికి జారిపోతాడో చదువుకున్న వాడు కదా. మాత్ర మింగించడానికి నర్సు నీళ్ల గ్లాసుతో వచ్చి నిలబడితే ఆ డాక్టరు బుర్రలో ఏం తిరిగి ఉంటుందో ఊహించడానికి కూడా నాకు మనసొప్పదు. కొడుకును అప్పగించమని తల్లి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. సూపరింటెండెంటుకు చెప్పి వెళ్లిపోవచ్చని జూన్ మొదట్లో కోర్టు అనడంతో ఇంటికి చేరాడు.

ఆ వేసవిలో మా వైపూ ఇలాంటి మాటలు వినిపించాయి. చిత్తూరు జిల్లా పెనుమూరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ఒక దళిత వైద్యురాలు తనను వేధిస్తున్నారని, పోలీసులు ఆదుకోలేదని బయటికొచ్చి చెప్పింది. ఆగస్టులో పుంగనూరు నియోజకవర్గం సోమల మండలంలో ఒక దళిత యువకుడు మద్యం ధరల మీద కోపంగా వీడియో పెట్టాడు. కొద్ది రోజులకే చనిపోయాడు. బెదిరింపులే చంపాయని ప్రతిపక్షం, అదేం లేదని అధికార పక్షం వాదించుకున్నాయి. అన్నిటికంటే జూలైలో చీరాలలో జరిగింది నాకు నిద్ర పట్టనివ్వలేదు. మాస్కు పెట్టుకోలేదని ఒక దళిత యువకుణ్ని పోలీసులు ఆపారు. జీపులోంచి దూకాడని వాళ్లన్నారు, కొట్టారని ఇంటివాళ్లన్నారు. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి పోయాడు. మాస్కు అడిగిన దళితుడి కథ ఏప్రిల్‌లో మొదలైతే, మాస్కు లేని దళితుడి కథ జూలైలో ముగిసింది. రాజ్యానికి మాస్కు అంటే ఏమిటో ఈ రెండు ఊళ్ల మధ్య వెతుక్కోవాలి.

పాత లెక్కలు తీస్తే ఏ పార్టీకీ ముఖం ఎత్తుకునే వీలుండదు. కారంచేడు 1985లో తెలుగుదేశం ఏలుబడిలో జరిగింది, చుండూరు 1991లో కాంగ్రెస్ ఏలుబడిలో. ఇదీ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే సుధాకర్‌ను ఒక పార్టీ శవపేటికలో పెట్టి మరో పార్టీ మీద విసరడం ఆయన బతికుండగానే మొదలైంది.

అక్కయ్యపాలెం ఘటన జరిగిన తొమ్మిది రోజులకు, మే 25న, అమెరికాలో మినియాపొలిస్ రోడ్డు మీద జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద ఒక పోలీసు మోకాలు పెట్టి తొమ్మిది నిమిషాలకు పైగా తీయలేదు. ఆయన శవపరీక్షలో కొవిడ్ కూడా బయటపడింది. అంతకు ముందెప్పుడో సోకి ఉండవచ్చన్నారు. ఆ వేసవిలో అక్కడి రాష్ట్రాల శాసనసభ్యులు తమ ఓటర్లకు రాసిన లేఖల్లో మాస్కు జాగ్రత్తలూ, జాతి సమానత్వమూ ఒకే కాగితం మీద వచ్చాయి. రెండూ ఒకే సంగతి అని వాళ్లకు ఎవరో నేర్పలేదు. రోగం ఎవరి ఇంట ఎక్కువ శవాలు లేపిందో లెక్కలు చూస్తే అర్థమైంది. మదనపల్లె నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడిన పిల్లలు ఫ్లాయిడ్ కోసం కొవ్వొత్తులు పట్టుకున్న ఫొటోలు మా ఫోన్లకు వచ్చాయి. మంచిదే. అక్కయ్యపాలెం వీడియో కూడా వాళ్లకు చేరే ఉంటుంది. దాని కోసం పట్టుకున్న కొవ్వొత్తి ఫొటో మాత్రం నాకు రాలేదు. మా ఎమ్మెల్యేల్లో ఎవరూ కొవిడ్ జాగ్రత్తనూ కులాన్నీ ఒకే కాగితం మీద రాసి పంపగా నేను చూడలేదు.

ఫ్లాయిడ్ కేసులో ఆ పోలీసును 2021 ఏప్రిల్ 20న దోషిగా తేల్చారు. అప్పటికి సుధాకర్ ఇంకా సస్పెన్షన్‌లోనే ఉన్నాడు. సీబీఐ గడువు కోరుతోంది, కోర్టు పొడిగిస్తోంది. రెండో అల విరుచుకుపడింది. దేశంలో డాక్టర్ల కొరత అని ప్రభుత్వాలే గగ్గోలు పెడుతున్నాయి, రిటైరైనవాళ్లనూ, ఆఖరి ఏడాది విద్యార్థులనూ రమ్మని పిలుస్తున్నాయి. వెంటిలేటరు మీదికి పోయే ప్రతి రోగికీ గొంతులో గొట్టం వేసేవాడు కావాలి. అది చేతకావాలంటే ఏళ్లు పడుతుంది. చేతనైన ఒక మనిషి విశాఖలో ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉన్నాడు. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ పీడనం పడిపోయి 11 మంది చనిపోయారు. మా పడమటి మండలాల నుంచి పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తేది రుయాకే.

మే 21న సుధాకర్ గుండె ఆగి చనిపోయాడు. అక్కయ్యపాలెం జరిగి ఏడాది దాటి ఐదు రోజులు. కొవిడ్ కాదు. ఆయన భయపడిన రోగం ఆయన్ను ముట్టుకోలేదు. సస్పెన్షన్ ఉత్తర్వు రద్దు కాలేదు, కేసు తేలలేదు. నర్సీపట్నం ఆస్పత్రికి అప్పటికి ఎన్95లు పెట్టెలకు పెట్టెలు వచ్చి ఉంటాయి. దేశమంతటా వచ్చాయి. మదనపల్లెలో మందుల షాపు కౌంటరు మీద గుట్టగా పోసి అమ్మారు.

సంతాపాలు వచ్చాయి. ప్రభుత్వ హత్య అంది ప్రతిపక్షం, శవరాజకీయం అంది అధికార పక్షం. రెండు రోజులు టీవీల్లో ఆ తాడు వీడియో మళ్లీ మళ్లీ తిరిగింది. బతికుండగా ఆయన అడిగిన సంగతి, ఆ 15 రోజుల మాస్కు సంగతి, ఆ చర్చల్లో ఎవరి నోటా రాలేదు.

2024లో ప్రభుత్వం మారింది. ఆయన్ను ఎగదోశాడన్న ఆరోపణ మోసిన అయ్యన్నపాత్రుడు నర్సీపట్నం నుంచే గెలిచి శాసనసభ స్పీకరయ్యారు. కుప్పం ఎమ్మెల్యే మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. పుంగనూరులో పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి మళ్లీ గెలిచి ప్రతిపక్షంలో కూర్చున్నారు. హైకోర్టుకు ఆ ఉత్తరం రాసిన వంగలపూడి అనిత పాయకరావుపేట నుంచి గెలిచి, జూన్‌లో రాష్ట్ర హోంమంత్రిగా ప్రమాణం చేశారు. విశాఖ నాలుగో పట్టణ పోలీస్ స్టేషన్ ఆమె శాఖ కిందికే వస్తుంది.